ఎడమ చెవి

పుంటా అరేనస్‌లో గాలి మరీ పెచ్చుమీరిన రోజున
కూడలి మూలల్లో తాళ్ళు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా పట్టుకు నడవడానికి.
బయటూరి వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు.
మేం పట్టుకుంటాం, అంతే.

రాత్రి మూడూ పది.
రేకుల కప్పు మీద గాలి,
ఎవరో కుర్చీలు ఈడుస్తున్నట్టు.
డానిట్సా ఎడమ చెవి తమ్మె ఎర్రబడింది.
ఎర్రబడిందా, లైటు రంగా?
టార్చి తెచ్చి మళ్ళీ చూశాను.
ఎర్రబడింది.

ఆస్పత్రిలో ఇచ్చిన అట్ట మీద ఆరు గుండ్రటి మొహాలు,
నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా.
నీ నొప్పి ఏదో వేలు పెట్టి చూపించమంటుంది అట్ట.
మా పాప వేలు మా పాప మాట వినదు.
ఎనిమిదేళ్ళలో ఒక్క మాటా పలకలేదు.
అందుకే ఎలియానా, నేనూ మా కొలబద్ద మేమే గీసుకున్నాం:
చెవి తమ్మె ఎర్రనైతే మొదలు.
పాదాలు కత్తెరలా ముడిపడితే సగం దూరం.
మూలుగు వినిపిస్తే నయమే, ఇంకా దమ్ముందన్నమాట.
అన్నిటికన్నా పైమెట్టు
తెరిచిన నోట్లోంచి శబ్దం రాకపోవడం.

నేను పడవ ఇంజన్ల మెకానిక్‌ని.
ఏ బేరింగు అరుస్తోందో
డెక్కు మీద నిలబడి అరికాలితో చెప్పగలను.
ఆ విద్య ఈ మంచం దగ్గర చెల్లదు.
తుంటి ఎముకా, పేగా, పొట్టకి గొట్టం పెట్టిన చోటా,
లేక దుప్పటి మడతేనా?
ముందు దుప్పటి.
తర్వాత తడిగుడ్డ.
పక్కకి తిప్పి, మోకాళ్ళ మధ్య చిన్న దిండు.
గొట్టం మూత తీసి పొట్టలో గాలి వదలడం.
ఇవన్నీ అయ్యాకే
అలమర పైన తాళం వేసిన డబ్బా.

మార్ఫిన్ సీసా మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు
మా అత్తగారు ఓర్ఫెలినా శిలువ గుర్తు వేసుకుంది.
"అది పోయేవాళ్ళకిచ్చేది" అంది.
చిలోయేలో మామగారికి ఆఖరి వారం ఇచ్చారట.
"బతికున్న పిల్లకి ఎవరైనా పోస్తారా?"
ఎలియానా చేతిలో గిన్నె నేలకేసి కొట్టింది.
నెల రోజులు తల్లీకూతుళ్ళ మధ్య
ఉప్పు అందించుకోవడం తప్ప మాటల్లేవు.

సిరంజి గీత దగ్గర కన్ను పెట్టాను.
బుడగ. గోటితో కొట్టాను.
గీత దాటితే ఊపిరి భయం,
గీతకి తగ్గితే ఆ తెరిచిన నోరు.
గొట్టంలో మందు, వెనకే నీళ్ళు.
పుస్తకంలో రాశాను: మూడూ ఇరవై అయిదు. పక్కన నా పేరులో మొదటి అక్షరం.
ఇక చేసేదేం లేదు. అసలు కష్టం ఇక్కడే.
మా నర్సు ఫ్రెసియా ఫోన్‌లో నేర్పింది:
"పొట్ట మీద చెయ్యేసి నిమిషం లెక్కపెట్టు.
భయమేస్తే ఫోన్ చెయ్యి. భయం వెయ్యకపోయినా చెయ్యి."
పద్దెనిమిది.
పదిహేడు.
ఒక రాత్రి, ఏ రాత్రో చెప్పను,
ఈ అంకె ఆగిపోతే ఏమవుతుందా అనుకున్నాను.
అనుకుని, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.
పదిహేడు.
ఉప్పునీళ్ళలో నానిన ముడి ఎండాక వదులైనట్టు
పాదాలు మెల్లగా విడివడ్డాయి.

గుమ్మంలో చప్పుడు. అత్తగారు.
ఉన్ని శాలువా, చేతిలో అల్లిక.
కళ్ళద్దాలు సర్దుకుని పుస్తకం అందుకుంది.
"రెండున్నరకే ఎర్రబడింది చెవి.
అల్లుకుంటూ చూశాను. గంటసేపు నా బంగారం ఓర్చుకుంది."
"మరి లేపలేదేం? మీరే ఇవ్వచ్చుగా?"
నా గొంతు నేననుకున్నంత మెల్లగా రాలేదు.
ఆమె గోడకేసి చూసింది.
"డబ్బా తాళం ఎక్కడుంటుందో
నాకెవరూ చెప్పలేదు."

పెన్సిలు తీసుకుని నా గీతకి పైన
వంకర అక్షరాల్లో రాసింది: రెండున్నర. చెవి. ఓర్ఫెలినా.
పూర్తి పేరు.

నా మెడలోంచి తాళంచెవి తీసి
ఆమె అరచేతిలో పెట్టాను. ఒంటి వేడికి వెచ్చగా ఉంది.
శిలువ ఉన్న గొలుసుకే గుచ్చుకుంది.

అయిదింటికి పోర్వెనీర్ వెళ్ళే పడవ.
కూడలిలో తాళ్ళు కట్టి ఉన్నాయి. పట్టుకుని నడిచాను.
సగం దారిలో గుర్తొచ్చింది,
సిరంజి కడగలేదని.